చొక్కాల బొంత

అన్నయ్య పోయాక వదిన బొంత కుట్టుకుంటూ తేరుకుందని, ఆ ఆలోచన నాదేనని మా ఇంట్లో అంటారు. నాది కాదు.

పత్తిని పురుగు తినేసిన ఏడు అన్నయ్య పురుగుమందు తాగాడు. పెద్దకర్మ అయ్యాక, కళ్లెదుట ఉంటే వదిన ఏడుస్తుందని అతని చొక్కాలన్నీ సంచిలో కుక్కి, గుంటూరులో ఎవరికైనా ఇచ్చేద్దామని చీరాలలో ప్యాసింజరు ఎక్కాను.

ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ ఒళ్లో బొంత పరుచుకుని దబ్బనంతో కుడుతోంది. పైన పాత చీర, లోపల తెల్ల పంచెల పొరలు.

"ఏంటబ్బాయ్ ఆ సంచిలో? చంటిపిల్లాణ్ని పట్టుకున్నట్టు పట్టుకున్నావు" అంది.

చెప్పాను.

"మీ వదినని అడిగావా?"

"అడిగితే ఇవ్వనివ్వదు కదండీ."

"మరి?" అని దారం కొరికింది. "ఈ పంచెలు మా ఆయనవి. పోయినోళ్ల బట్టలు ఇంట్లో ఉండకూడదంటారు. లోపల పెట్టి కుట్టేస్తే ఎవరు చూస్తారు? కుడుతున్నంతసేపూ ఏడవడానికి కుదరదు, దబ్బనం గుచ్చుకుంటుంది. ఉన్నన్నాళ్లూ దుప్పటంతా ఆయనే లాక్కునేవాడు. ఇప్పుడాయన్నే కప్పుకుంటా."

ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బాపట్లలో దిగి, వెనక్కి వచ్చే బండి ఎక్కాను.

"వీటిని లోపల పెట్టి బొంత కుట్టుకో వదినా, ఎవరూ చూడరు" అని నా మాటలాగే చెప్పి సంచి ఇచ్చాను. వదిన ఆ సాయంత్రమే దబ్బనం వెతుక్కుంది.

తన కోసమే ఆ చొక్కాలు దాచి ఉంచాననుకుంది. అవి బాపట్ల దాకా వెళ్లొచ్చాయని ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఇది ముందు ఆమెకే చదివి వినిపిస్తాను.