నా ‘ఆయ్’ మింగేసిన పుట్ట

ఆ రోజుల్లో నా నోట్లో ‘ఆయ్’ అనే మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. (మరీ తాతలనాటి రోజులేం కాదు, ఫోన్లో క్రికెట్ చూస్తూ ఉద్యోగం వెలగబెట్టిన రోజులు.) కోనసీమలో పుట్టినవాడికి ఆ మాట ఉగ్గుపాలతో వస్తుంది. అవునన్నా ఆయే, వింటున్నానన్నా ఆయే, అసలు వినకపోయినా ఆయే. ఈ మూడింటికీ తేడా తెలియక మా పెద్దమ్మ చేత తిన్న చివాట్లు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

డిగ్రీ అయ్యాక ఉప్పలగుప్తం దగ్గర మా పెద్దనాన్న తన రొయ్యల చెరువుల మీద నన్ను సూపర్‌వైజరుగా పెట్టారు. నాగుల చవితికి ముందురోజు, చెరువు గట్లు చదును చేస్తున్న పొక్లెయిన్ డ్రైవరు ఫోన్ చేసి ఏదో అడిగాడు. ఆఖరి ఓవరు నడుస్తోంది. "ఆయ్" అన్నాను. మళ్ళీ ఏదో అడిగాడు. మళ్ళీ "ఆయ్" అన్నాను. మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ తలస్నానం చేసి, చలిమిడి, చిమ్మిలి, ఆవుపాలు సర్దుకుని కారెక్కింది. పుట్టలో పాలు పోస్తేగాని ఆవిడ కాఫీ ముట్టదు. కాఫీ పడకపోతే ఆవిడకి తలనొప్పి, ఆవిడకి తలనొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ తలనొప్పి. తీరా చెరువు గట్టుకి వెళ్తే, ఏటా పాలు పోసే పుట్ట ఉండాల్సిన చోట నేల అరచేతిలా నున్నగా ఉంది.

"పుట్టేదిరా?" అంది పెద్దమ్మ. అక్కడే ఉన్న పొక్లెయిన్ డ్రైవరు చేతులు కట్టుకుని, "చివర దిబ్బ కూడా లాగేయమంటారాండీ అంటే బాబుగారు ఆయ్ అన్నారండీ. పుట్టుంది కదండీ అని మళ్ళీ అడిగేనండీ. మళ్ళీ ఆయ్ అన్నారండీ" అన్నాడు. (ఎన్నిసార్లన్నానో కూడా గుర్తుపెట్టుకున్నాడు, మహానుభావుడు.)

ఇక పుట్ట కోసం ఊళ్ళమీద పడ్డాం. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. "మీ గట్టుమీద పుట్టుందాండీ?" "ఆయ్, ఉండేదండీ. పోయినేడు చెరువు తవ్వించేం కదండీ." ‘ఆయ్’ వినగానే కారు అటు తిప్పడం, ‘ఉండేది’ వినగానే మళ్ళీ ఇటు తిప్పడం. నాలుగోసారికి ఏడుపొచ్చి, "ముందు ఆయ్ అనకండి బాబూ, ఉందో లేదో చెప్పండి!" అని అరిచాను. "ఆయ్" అన్నాడు అవతలాయన. వెనకసీట్లో పెద్దమ్మ కణతలు నొక్కుకుంటూ, "ఇన్నేళ్ళూ మనల్ని చల్లగా చూసిన నాగన్నని ఒక్క ముక్కతో కొంప లేకుండా చేసేవు కదరా" అంది. ఆ మాటకి మాత్రం నిజంగా సిగ్గేసింది.

పదకొండు దాటాక, చర్చి పక్కన ఒక రిటైరైన మేష్టారి కొబ్బరితోటలో పుట్ట దొరికింది. మాలాంటి నిర్వాసితుల కార్లు అప్పటికే వరసగా ఆగి ఉన్నాయి. "మా నాన్నగారు దాన్ని కదపొద్దన్నారండీ. చెప్పులక్కడ విడిచి రండి" అన్నారు మేష్టారు. పెద్దమ్మ పాలు పోసి, అందరి చెవులకీ పుట్టమన్ను పెట్టింది. నా చెవులకి బాగా దట్టించి, "వీడికి వినబడేట్టు చెయ్యి స్వామీ" అని దణ్ణం పెట్టి, మేష్టారి భార్య ఇచ్చిన కాఫీ గటగటా తాగేసింది.

మా చెరువు గట్టు చివర మూలని నేను మళ్ళీ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. కొన్నేళ్ళకి చెదపురుగులే దయతలిచి మళ్ళీ పుట్ట లేపాయి. ఇప్పుడు చవితి వస్తోందంటే పెద్దమ్మ ఫోన్ చేసి "పుట్టుందిరా?" అని అడుగుతుంది. నేను ఉన్నపళంగా ఆయ్ అనను. బండేసుకుని వెళ్ళి, కళ్ళారా చూసొచ్చి ఫోన్ చేస్తాను. "ఉంది పెద్దమ్మా, ఈ ఏడు మోకాలెత్తు పెరిగింది. దారి కూడా శుభ్రం చేయించేను. ఎన్నింటికి రమ్మంటావ్?" అని పూసగుచ్చినట్టు చెబుతాను. అవతల టీవీ సీరియల్ మోత. దాని మధ్యలోంచి పెద్దమ్మ గొంతు.

"ఆయ్."