పాప కంచంలో నేను తిన్న అన్నం

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కడప దగ్గరి పల్లె నుంచి ఖతార్ వచ్చి, మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక తెలుగువాళ్ల ఇంట్లో వంటపనికి కుదిరాను. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఒక్కతే కూతురు, సాహితి. అప్పటికి పదమూడేళ్లు. బడి నుంచి రాగానే అద్దం ముందు నిలబడి పొట్ట నొక్కుకుని చూసుకునేది. "లావైపోయాను కదక్కా" అనేది. పక్కటెముకలు కనబడుతున్న పిల్ల.

ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తే కంచం నా వైపు జరిపింది.

"నువ్వు తినక్కా, నేను చూస్తాను. అమ్మకి చెప్పకు."

పారేయడం ఎందుకులే అని తిన్నాను. మర్నాడూ తిన్నాను. ఎండకు తెరలన్నీ దించి ఉండేవి. ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ఆమె ఎదురుగా కూర్చుని రెప్ప వేయకుండా నా నోటినే చూసేది. నేను నమిలితే ఆమె దవడ కదిలేది. నేను మింగితే ఆమె గొంతు కదిలేది. ఆఖరి ముద్ద అయ్యాక తన పొట్ట తడుముకుని "నిండిపోయింది" అనేది.

ఒళ్లు జలదరించేది. అయినా ఎందుకు మానలేదు? మా ఇంట్లో నేనెప్పుడూ అందరూ తిన్నాక మిగిలింది తిన్నదాన్ని. నేను తింటుంటే అంత ఇష్టంగా చూసినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. అది ఇష్టం కాదని నాకు తెలియదా? తెలుసు.

అమ్మగారు రోజూ ఆఫీసు నుంచి ఫోన్ చేసేవారు. "తినిందమ్మా, కంచం ఖాళీ" అని చెప్పేదాన్ని. నా జాకెట్లు బిగుతయ్యాయి. ఒకసారి సాహితి నా జబ్బ పట్టుకుని చూసి, "నా ఒళ్లంతా నీ దగ్గరికి వచ్చేసిందక్కా" అని నవ్వింది.

కొన్ని నెలలకు బడిలో పడిపోయింది. ఆసుపత్రిలో అమ్మగారు, "బాగానే తింటుంది డాక్టర్, ఈమె దగ్గరుండి పెడుతుంది" అన్నారు. డాక్టర్ నా వైపు చూశాడు. తలూపాను. పొట్టలో ఏదో జబ్బు ఉందని పరీక్షల మీద పరీక్షలు చేశారు. తిండంటే భయపడే జబ్బని తేలేసరికి ఆ పిల్ల లేచి నిలబడలేకపోతోంది.

బతికింది. కానీ ప్రతి ముద్దకూ తనతో తను పోట్లాడుకుంటూనే పెరిగింది. పోయినేడాది, నెదర్లాండ్స్‌లో చదువుకుంటూ, డాక్టర్లు దగ్గరుండి, మనసు లోపలివి కళ్లకు కనబడేలా చేసే ఒక రకం పుట్టగొడుగుల మందు ఇచ్చే చికిత్సలో చేరింది. ఇక్కడ ఖతార్‌లో అది మత్తుమందు కింద లెక్క, ఆ మాట పైకి అనడానికే భయం. సెలవులకి ఇక్కడికి, అల్ వుకైర్‌లో వీళ్లు మారిన కొత్త ఇంటికి వచ్చినప్పుడు, వంటింట్లో నా పక్కనే కూర్చుని పెరుగన్నం చేత్తో కలుపుకుని తింటూ చెప్పింది.

"ఆ మందు వేసుకున్నాక మన పాత ఇంటి బల్ల కనిపించిందక్కా. ఒకావిడ నా కంచంలో తింటోంది. ముఖం లేదు, నోరు మాత్రం ఉంది. ఆవిడ మింగినప్పుడల్లా నా కడుపు బరువెక్కేది. భయమేయలేదు, జాలేసింది. తిండిలేక తల మొద్దుబారిన ఆ రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు. నిజం చెప్పు, అప్పుడు నా అన్నం ఎవరైనా తినేవాళ్లా?"

ఎంత మెత్తగా అడిగిందో. ఒక్క మాట సరిపోయేది. నేను అటు తిరిగి గిన్నె తోముతూ అన్నాను:

"అట్లాంటిదేం జరగల్యా పాపా. ఆ మందుకి యేందేందో కనపడుంటాది."

ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది.

"అయితే నా మనసు నాకింకా అబద్ధాలే చెబుతోందన్నమాట."

ముద్ద కంచంలో పెట్టేసి చేయి కడుక్కుంది.

తిరిగి వెళ్లాక మళ్లీ తిండి తగ్గించేసిందని, ఆ చికిత్స కూడా మానేసిందని అమ్మగారు ఏడుస్తున్నారు. నేను పక్కనే నిలబడి వింటున్నాను. సాహితి నంబరు నా ఫోన్లో ఉంది. చేయలేదు. చేస్తానని మీకు మాటివ్వలేను కూడా.

నన్ను క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. ఆమె చూసింది నిజం. తిన్నది నేను. ఈ రెండు మాటలు ఇన్నేళ్లకు నా నోట్లోంచి బయటికి వచ్చాయి. ఊపిరి కొంచెం ఆడుతోంది.