బోర్లా తిరిగిన సర్క్యులర్

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. నా ఉద్యోగం అలాంటిది. నేను బండ్ల ఇన్సూరెన్సు సర్వేయర్ని. యాక్సిడెంటైన బండి దగ్గరికి వెళ్లి ఏం విరిగింది, ఎందుకు విరిగింది అని చూసి రాసివ్వడం నా పని. రోడ్డు మీద తెల్లచీరె ఆవిడ అడ్డం వచ్చిందని చెప్పిన డ్రైవర్లు ఓ డజను మంది తగిలి ఉంటారు. ప్రతిసారీ బ్రేకు లైనింగు అరిగిపోయి ఉండేది, లేదా ఆ పెద్దమనిషే తాగి ఉండేవాడు. వాళ్ల ముఖం మీదే నవ్వేవాణ్ణి. అంచేత ఇది చదివి ఎవరైనా నవ్వితే కాదనే హక్కు నాకు లేదు.

మూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉంటే మనసు ఒకచోట కుదురుగా నిలవడం లేదు. అందుకని రాస్తున్నాను.

మా అమ్మ తండ్రి, అంటే మా తాతగారు, పందొమ్మిదివందల యాభైల చివర్లో అమలాపురంలో ఒక కార్ల డీలరు దగ్గర ఉత్తరాల గుమాస్తాగా పనిచేసేవారు. మిషన్ స్కూలు ఇంగ్లీషు, టైపు వచ్చిన వేళ్లు, ఆ రెండే ఆయన ఆస్తి. ఆయన తండ్రి పొలం కూలికి వెళ్లిన మనిషి. కొడుకు కుర్చీలో కూర్చుని మద్రాసుకి ఉత్తరాలు రాస్తున్నాడంటే పేటంతా గొప్పగా చెప్పుకునేవారట.

డీలరంటే ఇప్పటిలా అద్దాల మేడ కాదు. ఒక రేకుల షెడ్డు, ముందు చిన్న గది, ఇద్దరు మెకానిక్కులు. ఏడాది మొత్తం మీద అమ్మే బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవి కూడా పంటు మీద గోదావరి దాటి రావాలి.

కంపెనీ ప్రాంతీయ ఆఫీసు మద్రాసులో ఉండేది. ఫోను దొరకడం గగనం. అందుకని వాళ్లు చెప్పదలుచుకున్నదంతా సర్క్యులర్ల మీదే నడిచేది. సైక్లోస్టైలు తీసిన కాగితం, పైన వరస నంబరు, అడుగున చుక్కల గీత, ఆ గీత కింద రసీదు చీటీ. సర్క్యులర్ అందిందనీ, మెకానిక్కులకు వివరించామనీ సంతకం చేసి, ఆ చీటీ చింపి తిరుగుటపాలో పంపాలి. ఆలస్యమైతే మద్రాసు నుంచి ఘాటుగా ఒక ఉత్తరం వచ్చేది. దానికీ కదలకపోతే తంతి. ఏడాదికోసారి ఒక ఇన్‌స్పెక్టరు టై కట్టుకుని పంటు దిగి, ఫైల్లో నంబర్లు వరసగా ఉన్నాయో లేదో తిరగేసి చూసేవాడు.

మెకానిక్కులకు ఇంగ్లీషు రాదు. తాతగారు పొద్దున్నే షెడ్డులో నిలబడి, కొత్తగా వచ్చిన సర్క్యులర్‌ని చర్చిలో వాక్యం చదివినట్టు తెలుగులో గట్టిగా చదివేవారట. అది విన్నాకే వాళ్లు రెంచీ పట్టుకోవాలి.

ఆయన గురించి మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. కార్ల కంపెనీలో పనిచేసిన ఆ మనిషి తర్వాత జన్మలో కారెక్కలేదు. ఎండైనా వానైనా నడక, లేకపోతే సైకిలు. ఎందుకని అడిగితే "నాకు పడదు" అనేవారట. కడుపులో తిప్పుతుంది కాబోలని అనుకున్నాం. డీలరు కొట్టు మూసేసిన రోజున ఆ సర్క్యులర్ల ఫైలు ఒక్కటి అడిగి ఇంటికి తెచ్చుకున్నారు. నా చిన్నప్పుడే పోయారు.

ఇక అసలు సంగతి. మాది అంబాజీపేట. మా వీధి చివర సత్తిబాబు అనే మెకానిక్కు షెడ్డుంది. మా అమ్మ అమలాపురంలో టీచరుగా చేసిన రోజుల్లో ఆవిడ దగ్గర చదువుకున్నాడు. ఉప్పలగుప్తం దగ్గర ఒక కొబ్బరితోటలో తుప్పుపట్టి పడి ఉన్న పాత కారును కొని, రెండేళ్లు కష్టపడి మళ్లీ నడిచేలా చేశాడు. దాని బానెట్ కింద తాతగారు పనిచేసిన డీలరు పేరు, బండి నంబరు చెక్కిన ఇత్తడి రేకు కనబడేసరికి పరుగున మా ఇంటికొచ్చాడు.

అప్పుడే అమ్మ పాత విద్యార్థులంతా ఆవిడకు సన్మానం తలపెట్టారు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అమ్మను ఆ కారులోనే అమలాపురం స్కూలుకు తీసుకెళ్లాలని సత్తిబాబు పట్టు. రోడ్డు చాలా దూరం కాలువ వెంటే ఉంటుంది. అమ్మకప్పటికి డెబ్భై తొమ్మిది. "నాకెందుకురా ఇయన్నీ" అంటూనే నాలుగు చీరెలు తీసి మంచం మీద పరిచి చూసుకుంది.

కారు పక్కన పెట్టడానికి తాతగారి ఫైలు కావాలన్నాడు సత్తిబాబు. పెట్టెలోంచి నేనే తీశాను. కాగితాలకు ఎడమ అంచున రెండు బెజ్జాలు, వాటిలోంచి లేసు. ఆ లేసు చివికిపోయి ఉంటే కొత్తది ఎక్కించాను. అన్నీ వరసగా ఉన్నాయి. మధ్యలో ఒక్కటి మాత్రం అచ్చువైపు కిందికి, ఖాళీవైపు పైకి, బోర్లా ఉంది. తిప్పి సరిచేసి, ఒక్కో కాగితాన్ని ఫోనులో ఫొటో తీశాను. ఈ ఫొటోల మాట గుర్తుంచుకోండి.

మర్నాడు ఫైలు తెరిస్తే ఆ కాగితం బోర్లా ఉంది.

నిన్న తిప్పడం మరిచిపోయానేమో అనుకుని ఫోను చూశాను. ఫొటోలో వెల్లకిలా, అచ్చు పైకే ఉంది. ఆ ఒక్కదాన్ని తిప్పాలంటే లేసు ముడి విప్పి పైనున్న కాగితాలన్నీ తీయాలి. మా ఆవిడ సునీతను అడిగితే, "నాకింకేం పన్లేదనుకున్నారా?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. అమ్మను అడగలేదు. మళ్లీ తిప్పి పెట్టాను. రెండు రోజుల తర్వాత మళ్లీ బోర్లా ఉంది.

నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. నన్నెవరో ఆటపట్టిస్తున్నారనిపించింది. ప్రమాదమైన బండి విడిభాగాలకు సీలు వేసినట్టే, లేసు ముడి మీద కాగితం అంటించి, దాని మీద సంతకం చేసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. శుక్రవారం తీసి చూస్తే సీలు సీలులాగే ఉంది. సంతకం చెదరలేదు. కాగితాల అంచులు వేలితో ఎత్తి చూశాను. లోపల ఆ కాగితం బోర్లా ఉంది.

అప్పుడు గాని దాన్ని చదవాలన్న బుద్ధి పుట్టలేదు. మంచం అంచున కూర్చుని మనసులోనే చదువుకున్నాను. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా ఉన్న బండ్లలో స్టీరింగ్ ఆర్మ్ పోతలో లోపం ఉందని అనుమానం. పగులు ఉందేమో పరీక్షించేదాకా బండి ఎవరికీ ఇవ్వొద్దు. పరీక్ష పద్ధతి కూడా రాశారు: కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లి చూడమని. స్టీరింగును చక్రాలకు కలిపే ఆ ఇనుప ఆర్మ్ విరిగితే స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగదు. నా ఉద్యోగంలో అలాంటివి రెండు చూశాను. రెంటిలోనూ మనుషులు మిగల్లేదు.

సత్తిబాబుకు ఒక్క ఫోను చేసి బండి నంబరు అడిగితే సరిపోయేది. చెయ్యలేదు. సిగ్గేసింది. కొత్త బండికి నిమ్మకాయలు కట్టాడని అతన్ని ఎన్నిసార్లు ఏడిపించానో. ఇప్పుడు, కాగితం దానంతటదే తిరుగుతోంది, నీ కారు చూసుకో అని ఏ నోటితో చెప్పను? అరవై ఏళ్లనాటి మాట, ఈపాటికి ఎవరో మార్చే ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాను. ముడి విప్పి, కాగితం తిప్పి, కొత్త సీలు వేశాను. శనివారమంతా కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి బీరువా తెరిచాను. సీలు భద్రంగా ఉంది. కాగితం బోర్లా ఉంది. ఫైలు పట్టుకుని బీరువా ముందే నేల మీద కూర్చుండిపోయాను. దాచుకోవడం నా వల్ల కాలేదు. గుమ్మంలో అమ్మ నిలబడి చూస్తోంది.

"ఏట్రా ప్రభా, అలా ఉన్నావు?"

ఫైల్లో ఒక కాగితం బోర్లా ఎందుకుందని మాత్రం అడిగాను. అమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"మెకానిక్కులకి చదివి వినిపించని కాగితాన్ని నాన్నగారు బోర్లా పెట్టేవోరు. చదివేకే వెల్లకిలా తిప్పేవోరు. అదీ ఆయన పద్ధతి" అంది.

తర్వాత తనకు పదహారేళ్లప్పుడు తలుపు వెనక నిలబడి విన్నది చెప్పింది. ఒక ఏడాది గోదావరి పొంగి పంట్లు ఆగిపోయాయి. టపా అంతా ఒక్కసారే కట్టలుగా వచ్చింది. మొదటి పంటు మీదే ఇన్‌స్పెక్టరూ వస్తున్నాడని తెలిసింది. మెకానిక్కులిద్దరూ వరదలో వాళ్ల ఊళ్లలో చిక్కుకున్నారు. ఫైలు ముచ్చటగా కనబడాలని తాతగారు ఆ కాగితాలన్నీ వెల్లకిలా తిప్పేసి, చీటీల మీద సంతకాలు చేసి మద్రాసు పంపేశారు. మెకానిక్కులు వచ్చాక చదవొచ్చులే అనుకున్నారు. చదివారు కూడా, కట్టలో మరిచిపోయిన ఒక్కటి తప్ప. నెల తిరక్కుండా వాళ్లు అమ్మిన ఒక డాక్టరుగారి కొత్త కారు కాలువలోకి పోయింది. డాక్టరుగారు బతికారు. పక్కనున్న కాంపౌండరు బతకలేదు.

"మరి తర్వాతైనా చదవొచ్చు కదమ్మా, మిగతా బండ్ల కోసం?"

"చదివితే తప్పు బయటపడతాది, కుర్చీ పోతాదని భయపడ్డార్రా. మా అమ్మతో చెప్పి ఏడ్చేరు. ఆ కాగితాన్ని మళ్లీ బోర్లా తిప్పి పెట్టుకున్నారు. ఆరోజు నించీ కారెక్కలేదు."

మొదటిసారి అది బోర్లా ఎందుకుందో తెలిసింది. మిగతాసార్ల సంగతి అమ్మకు చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. కుర్చీ పోతుందని తాతగారు నోరు మూసుకున్నారు. నవ్విపోతారని నేనూ రెండు రోజులు అదే పని చేశాను. అదీ మా అమ్మ ఎక్కబోయే బండి విషయంలో.

రెండున్నరకు బయట హారన్ మోగింది. బంతిపూల దండలతో కారు వచ్చి ఆగింది. పాత విద్యార్థులు పదిహేను మంది దాకా మోటారు సైకిళ్ల మీద వచ్చారు. నేను ఫైలు పట్టుకుని వీధిలోకి వెళ్లి, సత్తిబాబును ఎదురుగా నిలబెట్టి, సర్క్యులర్ నంబరు దగ్గర్నుంచీ చివరిదాకా తెలుగులో గట్టిగా చదివాను. ఎవరో నవ్వారు.

"బండి నేను ఇప్పదీసి బిగించేనండి. గుండ్రాయిలా ఉందండి" అన్నాడు సత్తిబాబు, కాస్త నొచ్చుకుని.

"నంబరు చూడరా సత్తీ" అంది అమ్మ వెనకనుంచి.

"ఆయ్, టీచరుగారూ."

బానెట్ ఎత్తి ఇత్తడి రేకు మీది నంబరు చదివాడు. నా చేతిలోని రెండు నంబర్ల మధ్యలోనే ఉంది. కొత్త చొక్కాతోనే బండి కిందికి దూరాడు. కిరసనాయిలు ఇప్పుడెక్కడిది, డీజిలుతో సరిపెట్టాడు. సుద్ద కావాలన్నాడు. రిటైరై ఇరవై ఏళ్లైనా అమ్మ దగ్గర సుద్దముక్కల డబ్బా ఉంది. ఆవిడే లోపలికెళ్లి తెచ్చి, ఒక ముక్క గుమ్మం మీద నలిపి పొడి ఇచ్చింది.

నేనూ కింద పడుకుని టార్చి పట్టాను. తెల్లటి పొడి మీద కాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత ఆర్మ్ మెడ దగ్గర, పగుల్లోంచి డీజిలు ఊరి, వెంట్రుకంత తడిగీత తేలింది. మెల్లగా నల్లబడుతూ ముప్పాతిక వంతు చుట్టుకొచ్చింది. సత్తిబాబు పైకి లేచి, దండలు తెంపి పక్కన పెట్టి, కాలువ రోడ్డు వైపు చూస్తూ మా ఇంటి అరుగు మీద కూలబడిపోయాడు.

అమ్మ ఆరోజు సన్మానానికి ఆటోలో వెళ్లింది. బయల్దేరే ముందు నా చేతిలోంచి ఫైలు తీసుకుని, ముడి విప్పి, ఆ కాగితాన్ని తన చేత్తో వెల్లకిలా తిప్పింది.

ఆర్మ్ పగలడం నాకు వింత కాదు. పాత ఇనుము, పోతలో లోపం, పగిలింది. అది రిపోర్టులో రాయగలను. నా సంతకం చెదరకుండా ఆ కాగితం ఎలా తిరిగిందో మాత్రం రాయలేను. ఫొటోలు ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి. తేదీలూ ఉన్నాయి. ఆదివారం తర్వాత ఆ కాగితం ఒక్కసారి కూడా కదల్లేదు. అయినా ఇప్పటికీ పొద్దున్నే బీరువా తెరిచి చూడందే నాకు కాఫీ దిగదు.

రెండు నెలలకు సత్తిబాబు రాజమండ్రిలో వెతికి వేరే ఆర్మ్ సంపాదించాడు. దాన్ని మూడుసార్లు సుద్దతో పరీక్షించి బిగించాక, అమ్మను అమలాపురం దాకా తిప్పుతానని వచ్చాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. అమ్మ వెనక ఎక్కి, కిటికీ అంచుకు ఒదిగి కూర్చుంది.

"మజ్జెకి జరిగి కూకోండి టీచరుగారూ, బోలెడు కాళీ" అన్నాడు సత్తిబాబు.

"కాళీ లేదురా. పోనీ" అంది అమ్మ.

అద్దంలో చూశాను. ఆవిడ పక్కన ఎవరూ లేరు. అయినా కాలువ దాటి అమలాపురం చేరేదాకా నేను వెనక్కి తిరగలేదు.