మంచుకొండ మీద ఉప్పు దొంగలు

నవ్వితే నవ్వండి గానీ మధ్యలో అడ్డు రాకండి. నా ఇరవయ్యో ఏట, పెద్దాపురం పక్క పల్లెలో, ఊరందరి ఎదుటా ఒక మహావీరుణ్ణి నేను ఉప్పు దొంగను చేసి కూర్చున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నేను మిషన్ బడిలో తాత్కాలికపు మాస్టారిని. రాజమండ్రి పెద్దబడిలో ఖాయమైన ఉద్యోగం ఒకటి ఖాళీ పడింది. కొత్తగా వచ్చిన దొరగారు తమ దేశపు బొమ్మలను లాంతరు వెలుగుతో తెర మీద చూపించడానికి మా పల్లెకు వస్తూ, తన మాటలు తెలుగు చేసి చెప్పే మాస్టారు కావాలనీ, బాగా చెబితే ఆ ఉద్యోగం అతనికేననీ కబురంపారు. నాకు ఇంగ్లీషు రాదా? పుస్తకంలో ఉంటే వచ్చు. దొర నోట్లోంచి వచ్చిందా, రేకుల మీద రాళ్ళ వాన పడినట్టు ఉండేది. ఆ ముక్క ఎవరితోనూ అనలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, తలపాగా చుట్టుకుని తయారయ్యాను.

దీపాలు పెట్టే వేళకు తెల్ల పంచె తెరగా కట్టారు. దాని మీద ఒక కొండ లేచింది. శిఖరం నుంచి పాదం దాకా ఒకటే తెలుపు! అంత నున్నటి వాలు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. జనం నోళ్ళు తెరిచారు. నాదీ తెరుచుకుంది. దొరగారు గడగడా ఏదో చెప్పి నా వైపు తిరిగారు.

ముందు వరసలో ఉన్న రైతు వీర్రాజుగారు ఆగలేకపోయారు. "ఏంటండీ మాస్టారూ, ఆ తెల్లటిది?"

తెలియదంటే రాజమండ్రి పోతుంది. అంత తెల్లటి గుట్టలు నేను చూసింది ఒక్క చోటే, కాకినాడ ఉప్పుమళ్ళలో.

"ఉప్పండి," అన్నాను.

"ఓరి నాయనో! కొండంతానా?"

"కొండంతానండి. వాళ్ళ దేశంలో అంతే."

"ఇంత ఉప్పు ఇంట్లో పెట్టుకుని, మనం గుప్పెడు గీక్కుంటే జవాన్లని పంపిస్తారేంటండీ వీళ్ళు?"

ఆయన కోపం న్యాయమే. ఆ రోజుల్లో ఉప్పంతా సర్కారు సొత్తు. సముద్రపొడ్డున ఎండి పేరుకున్నది చేత్తో ఎత్తినా పట్టుకుపోయేవారు.

రెండో బొమ్మ పడింది. ఒకే తాడు నడుములకు కట్టుకుని, తలలు వంచుకుని, నలుగురు ఆ కొండ ఎక్కుతున్నారు. దొరగారు టోపీ తీశారు. ఈసారి మెల్లగా ఏదో చెప్పారు.

"వీళ్ళెవరండీ?" అన్నారు వీర్రాజుగారు.

ఇందులో కష్టమేముంది? తాడు కట్టి నడిపించుకుపోయే మనుషులను మేమెరగమా!

"పట్టుబడ్డ ఉప్పు దొంగలండి."

వెనకనుంచి మరియమ్మ బావురుమంది. కిందటేడు ఉప్పు గీకాడని ఆవిడ కొడుకును జవాన్లు పట్టుకుపోయారు. "మావోణ్ణీ ఇలాగే తాడేసి తీసికెళ్ళారండీ! ఏ తల్లి కన్న బిడ్డలో, ఎంత కష్టం వచ్చింది నాయనా!" ఆవిడను చూసి ఆడవాళ్ళందరూ కళ్ళొత్తుకున్నారు. దొరగారు ఆవిడ వంక చాలాసేపు చూసి, తర్వాత నా వంక చూశారు. అది మెచ్చుకోలనే అనుకున్నాను, వెర్రివాణ్ణి.

మూడో బొమ్మలో కుర్రవాడొకడు కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకుని వాలు మీద జారిపోతున్నాడు.

"ఆ చెక్కలేంటండీ?"

"ఖైదీల కాళ్ళకు బిగిస్తారే, బొండకొయ్యలండి. అయినా తప్పించుకుపోతున్నాడు చూడండి!"

వీర్రాజుగారు లేచి నిలబడ్డారు. "పరిగెత్తరా అబ్బాయ్! దొరక్కు!" ఇక చప్పట్లు, ఈలలు! ఊరు ఊరంతా ఆ కుర్రాడి పక్షమైపోయింది.

మరియమ్మ తిన్నగా దొరగారి ముందుకొచ్చి చేతులు జోడించింది. "బాబుగారండీ, ఆ పిల్లోడు వాళ్ళమ్మ దగ్గరికి చేరాడాండీ?"

నేను తెలుగులోంచి ఇంగ్లీషులోకి మరో అబద్ధం వండబోతున్నాను. దొరగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, పుస్తకాల తెలుగులో ఆయనే చెప్పారు.

"చేరలేదమ్మా. అతడు నా అన్న. ఆ కొండ మీదనే మరణించెను. అది ఉప్పు కాదు, మంచు. నా అన్న దొంగ కాడు."

దొరకు తెలుగు వచ్చు! మాట్లాడడానికి మొహమాటపడి నన్ను పెట్టుకున్నారట. మొదటినుంచీ అంతా వింటూనే ఉన్నారట. ఆపుదామనుకునేసరికి మరియమ్మ ఏడుస్తోంది, ఇక నోరు రాలేదట. భూమి చీలితే బాగుండునని కిందికి చూశాను. చీలలేదు.

మరియమ్మ మాత్రం తొణకలేదు. "దొంగ కాకపోతే నా ఏడుపు వెనక్కి పోద్దా బాబూ? మీ అమ్మగారికి రాయండి, ఇక్కడో తల్లి ఏడ్చిందని."

దొరగారు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేశారు. తన అన్నే ఇది వింటే తనకంటే ఎక్కువ నవ్వేవాడన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మాస్టారుగారూ, మీకు ఉప్పునందు మిక్కిలి ప్రీతి!"

ఉద్యోగం ఇచ్చారండోయ్, ఖాయమైనదే! రాజమండ్రిలో కాదు, కాకినాడ అవతల ఉప్పుమళ్ళ పక్కన బడిలో. కిటికీ తెరిస్తే తెల్లటి కుప్పలు. నా జుట్టు కూడా ఆ రంగుకు వచ్చింది, ఇంకా అక్కడే ఉన్నాను.

చేరిన రోజునే ఆ కుప్పలకు దణ్ణం పెట్టి ఒట్టేసుకున్నాను. నా కంటితో చూడని దాన్ని గురించి ఈ జన్మలో ఒక్క ముక్క చెప్పను, తల పోయినా సరే. ఇప్పటికీ ఆ ఒట్టు తప్పలేదు. మొన్న మూడో తరగతి పిల్లలు, "మంచుకొండ ఎలా ఉంటుందండీ మాస్టారూ?" అని గోల పెట్టినా, నోరు మాత్రం గట్టిగా మూసుకునే ఉన్నాను.

చెయ్యే, నా మాట వినకుండా, కిటికీ వైపు లేచింది.