నాలుగో ప్రతి

డెబ్బైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, బాన్సువాడలో సైకిల్ తొక్కే ఆడపిల్లలం ఏడుగురం. వాలీబాల్ ఆడే మగపిల్లల ఫొటో బడి గోడ మీద ఉండేది. మా గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదని నాకు ఒళ్ళుమంట. అందుకే నేనే ఒక చేతిరాత పత్రిక మొదలుపెట్టాను. మూడు కార్బన్ కాగితాలు పెట్టి, పెన్ను విరిగేంతగా నొక్కి రాస్తే నాలుగు ప్రతులు వచ్చేవి. నాలుగోది ఎప్పుడూ మసకే. వడ్ల బస్తాలు కుట్టే దబ్బనంతో వాటిని కుట్టాను.

మా అందరికీ సైకిల్ నేర్పింది ఊరి పక్క లంబాడీ తండా నుంచి వచ్చే అమ్మాయి. మా పొలంలో నాట్లకు వచ్చేది, నాకంటే రెండేళ్ళు పెద్ద, ఐదో తరగతితో బడి మానేసింది. వాళ్ళన్న సైకిల్ బారు కింద నుంచి కాలు దూర్చి, కాలువ గట్టు మీద తొక్కుకుంటూ పోతుంటే చూసి నాకు మతి పోయింది. తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినీ వెనక నుంచి పట్టుకుని నడిపించింది. నేను మూడుసార్లు కాలువలో పడ్డాను. పరువు సంగతి కదా, అది పత్రికలో రాయలేదు.

పేర్లూ రాయలేదు. ఇంట్లో తెలిస్తే వీపు విమానం మోత మోగుతుందని భయం. 'అందరికంటే ముందు నేర్చుకున్న అమ్మాయి' అని రాసి ఊరుకున్నాను. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను కూడా.

సోషల్ పుస్తకంలో దాక్కుని పత్రిక బడంతా తిరిగింది. చివరికి టీచరమ్మ చేతిలో పడింది. తిడుతుందనుకుంటే, వార్షికోత్సవంలో పైకెత్తి చూపించి మెచ్చుకుంది. ఆ ముందు నేర్చుకున్న అమ్మాయి మా ఏడుగురిలో ఒకతైన కాలువల ఇంజనీరు గారి కూతురేనని తనే అనుకుని, పైకి అనేసింది కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల 'నేను కాదు' అనలేదు. రాసిన నేనూ నోరు విప్పలేదు.

మర్నాడు పొలంలో, ఆ సంగతి ఎవరి నోటో విన్న తండా అమ్మాయి నన్ను నిలదీసింది.

"గా పత్రికల నేనేడున్న, చెల్లె?"

"పేరు రాస్తే మీ నాయన కొడతాడని..."

"కొడితె కొట్టనియ్. నేర్పింది నేను, పేరు గామెదా? నా పేరు రాయి. తండా పేరు గూడ రాయి."

సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు ప్రతులూ వెనక్కి రాబట్టడానికి వారం పట్టింది. ఒకదాని నిండా పసుపు మరకలు. పేర్లు రాయనా అని మిగతావాళ్ళను అడిగితే అందరూ సరేనన్నారు. ఇంజనీరు గారి కూతురైతే తన పేరు రెండోదిగా రాయమని తనే చెప్పింది. కుట్లు విప్పి మొదటి పేజీ కొత్తగా రాశాను. అందరికంటే పైన తండా అమ్మాయి పేరు, పక్కనే వాళ్ళ తండా పేరు, చివర నాది, మూడుసార్లు కాలువలో పడ్డ సంగతితో సహా. అది చదివి టీచరమ్మ ప్రార్థన దగ్గర తన పొరపాటు తానే చెప్పింది.

మంచి ప్రతులు మూడూ బడిలో పంచేశాక మిగిలిన నాలుగోది తండా అమ్మాయికి తీసుకెళ్ళాను. గట్టు మీద కూర్చుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"గీ అక్షరాలు పోతయా?" అంది మసక చూసి.

నేను జవాబు చెప్పేలోగా నా చేతిలో పెన్ను లాక్కుని, తన పేరు మీద తనే గట్టిగా దిద్దుకుంది. తర్వాత మిగతా ఆరుగురి పేర్లూ దిద్దింది.