ఊక తేలిన రేవు

రామచంద్రపురం దగ్గరి ఊళ్లో వీరాస్వామి కాలువ లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం అతని పని. ఆనకట్ట నీళ్లు ఆ ఊరికి వచ్చి అప్పటికి నలభై ఏళ్లు. ఏటా వేసవిలో కాలువ కట్టేస్తారు. ఆలోగా చెరువులు నింపుకోకపోతే మళ్లీ నీళ్లు వదిలేదాకా గొంతు తడిసే దారి లేదు.

ఊరికి రెండు చెరువులు. ఒకటి గేదెలది, రెండోది మంచినీళ్లది. మంచినీళ్ల రేవులో ఎవరైనా కాలు కడిగితే ఊరు ఊరుకోదు. అంత మడిగా చూసుకున్న నీళ్లు తాగే, కిందటి వేసవిలో వీరాస్వామి పెద్దకొడుకు వాంతిభేదితో పోయాడు. ఇప్పుడు చంటిది సత్తెమ్మ పాలు మానింది. భార్య నాగరత్నం దాని నోటికి ముంత అందించినప్పుడల్లా వీరాస్వామి అందులోని నీళ్ల వంక అనుమానంగా చూసేవాడు.

తూము నీరు బోదె అనే పిల్లకాలువ వెంట ముందు గేదెల చెరువులో పడి, అది నిండాక మంచినీళ్ల చెరువులోకి పొర్లుతుంది. అందరూ ఎరిగిన సంగతే. "పారే నీటికి మైలేంట్రా?" అనేవారు. వీరాస్వామికి ఆ మాట మింగుడుపడలేదు. ఒక సాయంత్రం గేదెల చెరువులో తట్టెడు ఊక పోశాడు. తెల్లారేసరికి మంచినీళ్ల రేవులో ఆడవాళ్ల కడవల నిండా ఊకే. పోసింది తనేనని వీరాస్వామే చెప్పాడు.

"ఏంట్రా వీరాస్వామీ, చెరువులో వడ్లు దంపించావా?" అని నవ్వారు ఊరిపెద్ద భీమరాజుగారు.

"ఊక గనక కనపడిందండి. దాంతో వచ్చిన మిగతాది కనపడదు కదండీ. చెరువుకి మంచి పేరు పెడితే చాలదండి, నీరు ఏ దారిన వచ్చిందో చూసి వేరుచెయ్యాలండి."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"గేదెల చెరువుని తప్పించి కొత్త బోదె తవ్వాలండి. మంచినీళ్ల చెరువులో ఉన్న నీళ్లు తోడిపారెయ్యాలండి."

భీమరాజుగారి నవ్వు ఆగిపోయింది. "మబ్బులో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోమంటావా? నిండకముందే కాలువ కట్టెయ్యమని పైవాళ్లంటే ఒక్క పూటైనా ఆపగలవా?"

"ఆపలేనండి. నిండకపోతే ముందు ఎండేది నా పిల్ల గొంతేనండి."

ఆయన ఒక కడవలోంచి గుప్పెడు ఊక తీసి పక్కన పారేశారు. "బుట్టలు తెండ్రా" అన్నారు.

ఊరంతా కలిసి నీళ్లు తోడింది, గేదెల చెరువు పొర్లే దారి పూడ్చింది, కొత్త బోదె తవ్వింది. కొత్త నీరు చెరువులో సగానికి వచ్చిందో లేదో, కాలువ కట్టెయ్యమని పైనుంచి కబురొచ్చింది. వీరాస్వామి తన చేత్తోనే తలుపు దించాడు.

ఉన్న సగం చెరువునే కాపాడుకోవాలి. తాగడానికీ వంటకీ తప్ప ఆ నీళ్లు ముట్టుకోకూడదనీ, స్నానాలూ బట్టలూ గేదెల చెరువులోనేననీ వీరాస్వామి ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. చాలామంది గొణిగారు. మర్నాడు భీమరాజుగారే వెళ్లి గేదెల పక్కన మునిగారు. "నన్ను చూసి వాటికే సిగ్గేస్తోందిరా!" అన్నారు. గొణిగినవాళ్లు కూడా ఒక్కొక్కరే బట్టలు పట్టుకుని గేదెల చెరువు దారి పట్టారు.

కాలువ వదిలే రోజుకి మంచినీళ్ల చెరువులో ఇంకా మోకాలెత్తు నీళ్లున్నాయి. వీరాస్వామి పొద్దున్నే గేదెల చెరువులో మరో తట్టెడు ఊక పోసి, తూము తలుపు ఎత్తి, సత్తెమ్మని చంకనేసుకుని మంచినీళ్ల రేవు గట్టున నిలబడ్డాడు. పొద్దుగుంకేదాకా చూశాడు. ఒక్క పొట్టూ తేలలేదు. అప్పుడు దోసిట్లో నీళ్లు పట్టి, ముందు తను తాగి, తర్వాత పిల్ల నోటికి అందించాడు.