అరవై మంది జవాబులు

మహేశ్వరి ఆ వేసవి సెలవులంతా ఒక మనిషిని నలుగురిలో పడగొట్టాలనే చదివింది.

ఆమెది గురజాల దగ్గర రాళ్ళ క్వారీని ఆనుకుని ఉన్న కాలనీ. అమ్మా నాన్నా ఆ క్వారీలోనే కూలీలు. రోజూ బస్సెక్కి నరసరావుపేట వెళ్ళి డిగ్రీలో సైకాలజీ చదివేది. రెండో సంవత్సరంలో క్వారీ కూలీలను అరవై మందిని కలిసి, రాయి పగలడానికి తూటాలు పేల్చే రోజుల్లో వాళ్ళకు భయం ఎలా ఉంటుందో, నిద్ర ఎలా పడుతుందో అడిగింది. అందరి జవాబులూ తెలుగులో ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకుంది.

ఉదయ్ ఆమె క్లాసువాడే. పేటలో పురుగుమందుల కొట్టు వాళ్ళబ్బాయి. "నీకు ఇంగ్లీషు కష్టం కదా, నేను టైపు చేసిపెడతాలే" అని ఆ పుస్తకం తీసుకుపోయాడు. నెల తిరగకుండానే కాలేజీ సెమినార్‌లో అదంతా తన పేరు మీద చదివి మొదటి బహుమతి కొట్టాడు.

మహేశ్వరి లెక్చరర్ శివరామయ్య గారి దగ్గరికి వెళ్ళి చెప్పుకుంది.

"ఆధారం ఏదమ్మా?" అన్నారాయన.

"నోటుబుక్కు అతని దగ్గరే ఉంది సార్."

ఆయన ఉదయ్‌ని పిలిపించారు. "ఏ నోటుబుక్కు సార్?" అన్నాడు ఉదయ్ అమాయకంగా. బయటికొచ్చాక మెట్ల మీద ఆగి నవ్వాడు. "పోనీ నువ్వు రాసి చూపించు. ఇంగ్లీషులో నాలుగు లైన్లు."

మూడో సంవత్సరం మొదట్లోనే పరిశోధన చేయడం, దాన్ని రాయడం నేర్పే కోర్సు ఒకటి ఉంది. అందులో ప్రతి ఒక్కరూ తమ పరిశోధనను క్లాసులో వినిపించి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. బహుమతి వచ్చినదాన్నే ఉదయ్ మళ్ళీ చదవబోతున్నాడని మహేశ్వరికి తెలిసింది. ఆ రోజు కోసమే తయారైంది. లైబ్రరీ నుంచి కోర్సు పుస్తకం తెచ్చుకుంది. ఒక్కో వాక్యం మూడుసార్లు చదివితే గానీ బుర్రకెక్కేది కాదు. తెలియని మాటలు ఫోన్‌లో వెతికి పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసుకునేది. కొత్త మాట నేర్చుకున్నప్పుడల్లా దాంతో ఉదయ్‌ని ఏ ప్రశ్న అడగాలో ఆలోచించేది.

"ఏందే, ఇప్పుడేం పరీక్షలున్నాయని?" అనేది తల్లి.

"పరీక్ష నాక్కాదమ్మా."

జవాబులు ఇచ్చిన మనుషులెవరో బయటపెట్టకూడదని పుస్తకంలో ఒకచోట ఉంది. మహేశ్వరి అది చదివింది. చదివి పేజీ తిప్పేసింది.

క్వారీలో పనిచేసే వెంకమ్మ వాళ్ళ కాలనీదే, జవాబులిచ్చిన అరవై మందిలో ఒకామె. "ఒక్కసారి కాలేజీకి రా అత్తా. ఆ జవాబులు నాకే ఇచ్చావని చెప్తే చాలు," అని అడిగింది మహేశ్వరి.

"నాకేం కాదు గదా?"

"ఏం కాదత్తా."

ఆ రోజు క్లాసులో ఉదయ్ చదవడం ముగించి, అరవై మందినీ తానే స్వయంగా కలిశానన్నాడు. మహేశ్వరి లేచి, గుమ్మం బయట నిలబడ్డ వెంకమ్మను లోపలికి పిలిచింది.

"ఎవరండీ ఈమె?" అన్నాడు ఉదయ్.

వెంకమ్మ కొంగు భుజాన కప్పుకుని ముందుకొచ్చింది.

"నువ్విప్పుడు చదివావే, తూటా పేలే ముందు గుక్కెడు సారా తాగకపోతే కాళ్ళు వణుకుతాయని, ఆ మనిషిని నేనే," అంది వెంకమ్మ. "అది నేను ఈ పిల్లకి చెప్పా. నీ మొహం నేనెప్పుడూ చూళ్ళా."

ఆ తర్వాత మహేశ్వరి ఒకదాని వెంట ఒకటిగా ప్రశ్నలు వేసింది, సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో. ఉదయ్ ప్రతిదానికీ కాగితాలే తిరగేశాడు. శివరామయ్య గారు అతని కాగితాలు లాక్కుని, బహుమతి రద్దు చేయిస్తామన్నారు. ఉదయ్ బెంచీ మీద తల వాల్చి ఏడ్చాడు. మహేశ్వరి కళ్ళు తిప్పుకోకుండా చూసింది.

క్లాసులో ఎవరో తీసిన వీడియో వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. నాలుగో రోజు క్వారీ మేస్త్రీ వెంకమ్మను పనిలోంచి తీసేశాడు. తాగి తూటాల దగ్గరికొచ్చేదాన్ని పెట్టుకోనన్నాడు.

మహేశ్వరి ఆమె ఇంటికి పరుగెత్తింది. పొలం కూలికి పోయొచ్చిన వెంకమ్మ కాళ్ళు కడుక్కుంటోంది.

"మేస్త్రీతో నేను మాట్లాడతా అత్తా."

"నువ్వు మాట్లాడిన కాడికి చాల్లే. ఏం కాదన్నావే. తెలిసి అన్నావా, తెలవక అన్నావా?"

"తెలిసే," అంది మహేశ్వరి.

వెంకమ్మ చెంబు పక్కన పెట్టి, లోపలికి పోయి తలుపేసుకుంది.

మహేశ్వరి ఆ కోర్సు పాసైంది. ఉదయ్ ఏడుపు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు హాయిగానే ఉంటుంది. బస్టాపుకు మాత్రం వెంకమ్మ ఇంటి ముందునుంచి పోదు, చుట్టుదారిన పోతుంది.